ఉద్యోగాల అంకెలు ఎందుకు దిద్దుతారు? దిద్దినప్పుడు మనం ఏం చూడాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీరు విశాఖపట్నంలో రుషికొండ ఐటీ హిల్ మీద ఒక అమెరికా క్లయింట్ ప్రాజెక్టులో ఉన్నారు. మధురవాడలో ఫ్లాట్ చూశారు, అడ్వాన్సు ఇవ్వాలా, కొన్నాళ్ళు ఆగాలా అని టెన్షన్‌గా ఉంది. ఈలోగా అమెరికాలో 2025 మే నెలలో పెరిగిన ఉద్యోగాల అంకెను లక్షకు పైనుంచి 19,000కి దించేశారని చదివారు. మన దేశంలో నిరుద్యోగం ఏప్రిల్‌లో 5.1 శాతం అని, మే వచ్చేసరికి 5.6 అన్నారు. "ఇవన్నీ కాకి లెక్కలేనా? మాంద్యం వస్తోందనడానికి గుర్తులా? మా ఇంటికి ఏనాడూ ఎవరూ రాలేదు, మరి ఎవర్ని అడిగి రాస్తున్నారు?" అని అడిగారు.

ముందు సూటిగా చెప్పేస్తాను. కాకి లెక్కలు కావు. మొదట బయటికి వచ్చే అంకె, అప్పటికి చేతికందిన జవాబులతో వేసిన అంచనా. మిగతా జవాబులు వచ్చాక దాన్ని సరిచేస్తారు. ఒక్క నెల అంకె మారిందని కంగారు పడక్కర్లేదు. వరసగా నాలుగైదు నెలలు ఒకే వైపుకి దిద్దుతూ పోతున్నారంటే మాత్రం ఆగి చూడాలి. ఇంకో మాట: మీరు రాసిన రెండు ఉదాహరణలూ ఒక జాతివి కావు. అమెరికాది దిద్దుబాటు, ఒకే నెలకి మళ్ళీ మళ్ళీ లెక్క కట్టారు. మన 5.1, 5.6 అనేవి రెండు వేర్వేరు నెలల అంకెలు. అక్కడ ఎవరూ ఏమీ దిద్దలేదు. చాలా పేపర్లు కూడా ఈ రెండింటినీ కలిపేస్తున్నాయి కాబట్టి మీ తప్పేం లేదు.

నేను ఇంటింటి సర్వేల్లో దాదాపు ముప్పై ఏళ్ళు పని చేశాను. మొదట ఫీల్డులో, తర్వాత ఇతరులు నింపుకొచ్చిన షెడ్యూళ్ళు తనిఖీ చేసే బల్ల దగ్గర. ట్యాబులు రాకముందు సంచిలో కాగితాలు మోసుకుని తిరిగిన బాపతు. రిటైరయ్యాక సీతమ్మధారలో కాలక్షేపం. కాబట్టి కింద చెప్పేదాంట్లో కొంత చదివింది, ఎక్కువ చూసింది.

ముందు అమెరికా సంగతి. అక్కడ ప్రతి నెలా రెండు సర్వేలు జరుగుతాయి. ఒకటి సుమారు 60,000 ఇళ్ళకి, దాన్నుంచి నిరుద్యోగ శాతం వస్తుంది. రెండోది కంపెనీలకి, సుమారు 1,20,000 సంస్థలు, వాటి కింద 6,30,000 దాకా పని చోట్లు. "ఈ నెల ఇన్ని ఉద్యోగాలు పెరిగాయి" అని టీవీలో వచ్చేది ఈ రెండోదాంట్లోంచి. నెలలో 12వ తేదీ ఏ జీతాల పట్టీలో పడుతుందో, ఆ పట్టీలో ఎంతమంది ఉన్నారో చెప్పమని సంస్థల్ని అడుగుతారు. సాధారణంగా తర్వాతి నెల మొదటి శుక్రవారం అంకె ప్రకటిస్తారు. అక్కడ పొద్దున్న 8.30, వేసవిలో అయితే మనకి సాయంత్రం ఆరు. ఈ మధ్యలో ఉండేది మూడు వారాలు. అంతలో అందరూ జవాబు ఇవ్వరు. అందుకే మరో నెల ఆగి ఒకసారి, ఇంకో నెల ఆగి రెండోసారి దిద్దుతారు. మూడో అంకె వేళకి పదింట తొమ్మిది వంతులకు పైగా జవాబులు వచ్చేసి ఉంటాయి.

మీరన్న మే నెలే చూడండి. మొదట 1,39,000 అన్నారు. నెల తర్వాత 1,44,000 అన్నారు, అంటే పెంచారు. ఇంకో నెల తిరిగాక, 2025 ఆగస్టు 1న, 19,000 అన్నారు. అదే రోజు జూన్ అంకె 1,47,000 నుంచి 14,000కి దిగింది. రెండు నెలలూ కలిపి 2,58,000 తగ్గాయి. సెప్టెంబర్‌లో జూన్‌ని మళ్ళీ దిద్దితే మైనస్ 13,000 తేలింది. ఆలస్యంగా జవాబులు పంపినవాటిలో ప్రభుత్వ స్కూళ్ళు, కాలేజీలు కూడా ఉన్నాయి. అక్కడ వేసవి సెలవులకి జీతాల పట్టీలు తలకిందులవుతాయి.

ఇక్కడ మీకు రావాల్సిన ప్రశ్న: ఆలస్యంగా వచ్చే జవాబులు కొన్నిసార్లు ఎక్కువ చూపించాలి, కొన్నిసార్లు తక్కువ చూపించాలి కదా, ఒకే వైపుకి ఎందుకు వాలుతాయి?

దీనికి నా ఫీల్డు రోజుల్లో చూసిందే చెప్తాను. ఆటోనగర్‌లో చిన్న వర్క్‌షాపుల సర్వే చేస్తున్నప్పుడు, పని బాగా నడుస్తున్నవాడు మమ్మల్ని చూడగానే కుర్చీ వేసేవాడు, టీ చెప్పేవాడు, రిజిస్టర్ తీసి చూపించేవాడు. నలుగురు కుర్రాళ్ళని కొత్తగా పెట్టుకున్నానని అడక్కుండానే చెప్పేవాడు. పని తగ్గినవాడు "రేపు రండి సార్" అనేవాడు. రేపు వెళ్తే ఎల్లుండి. మూడోసారి వెళ్ళేసరికి సగం షట్టర్ దించి, లోపల ఒక్కడే లేత్ మిషన్ దగ్గర కూర్చుని ఉండేవాడు. నాలుగోసారికి షట్టర్ పూర్తిగా దించేసి తాళం. మొదటి వారం జవాబులు మాత్రమే కూడితే ఆటోనగర్ కళకళలాడుతున్నట్టు కనిపిస్తుంది. "రేపు రండి" అన్నవాళ్ళని కూడా కలిపితే అసలు బొమ్మ వస్తుంది.

ప్రతిసారీ ఇలాగే అవుతుందని కాదు. కానీ జవాబు రాని సంస్థలు కూడా, జవాబు ఇచ్చినవాటిలాగే నడుస్తున్నాయని మొదటి అంచనాలో అనుకుంటారు. ఇంకో దారి లేదు కూడా. ఎదుగుదల సాఫీగా ఉన్నప్పుడు ఆ ఊహ సరిపోతుంది. గాలి మారినప్పుడే బెసుకుతుంది. అందుకే ఆర్థిక వ్యవస్థ మలుపు తిరిగే వేళ దిద్దుబాట్లు పెద్దవిగా, ఒకే దిక్కుగా ఉంటాయి.

2008 సెప్టెంబర్ దీనికి అందరూ చెప్పుకునే ఉదాహరణ. లేమన్ బ్రదర్స్ అనే పెద్ద అమెరికా బ్యాంకు దివాలా తీసిన నెల అది. మొదటి లెక్కలో 1,59,000 ఉద్యోగాలు పోయాయన్నారు. నెల తర్వాత 2,84,000 అన్నారు. ఇంకో నెలకి 4,03,000. అంటే మొదటి అంకె చూసి "దెబ్బ తగిలింది గానీ మరీ అంత కాదులే" అనుకున్నవాడికి డిసెంబర్‌లో గానీ విషయం తెలియలేదు.

అయితే దిద్దుబాటు అంటే తగ్గించడమే అనుకోకండి. 2011 ఆగస్టులో కొత్త ఉద్యోగాలు సున్నా అన్నారు. అక్షరాలా సున్నా. మళ్ళీ మాంద్యం వచ్చేసిందని గగ్గోలు. నెల తర్వాత అది 57,000 అయింది, ఇంకో నెలకి 1,04,000 అయింది. మాంద్యమూ రాలేదు, ఏమీ రాలేదు. ఆ సున్నా చూసి షేర్లు అమ్ముకున్నవాళ్ళు నాకు తెలిసి మన ద్వారకానగర్‌లోనే ఉన్నారు.

ఈ నెలవారీ దిద్దుబాట్లు కాక ఏడాదికోసారి పెద్ద సరిచూపు ఒకటి ఉంటుంది. మన వ్యాపారుల భాషలో చెప్పాలంటే, రోజూ గల్లా లెక్క చూసుకునేవాడు ఏడాది చివర స్టాకు తనిఖీ చేయడం లాంటిది. అక్కడ కంపెనీలు నిరుద్యోగ బీమా కోసం పన్ను కట్టాలి, ఆ రికార్డుల్లో దాదాపు అన్ని ఉద్యోగాలూ ఉంటాయి. అవి రావడానికి నెలలు పడతాయి. వచ్చాక మార్చి నెల సర్వే అంకెని వాటితో పోల్చి సరిచేస్తారు. 2024 మార్చికి 8,18,000 ఎక్కువ లెక్కపెట్టామని ముందస్తు అంచనా చెప్పారు, చివరికి అది దాదాపు 6 లక్షల దగ్గర ఆగింది. 2025 మార్చికి ముందస్తు అంచనా 9,11,000. చూశారా, దిద్దుబాటు మీద కూడా దిద్దుబాటు ఉంటుంది! తొమ్మిది లక్షలంటే గుండె గుభేలుమంటుంది గానీ, మొత్తం ఉద్యోగాల్లో అది 0.6 శాతం. అయినా తేలిగ్గా తీసిపారేయలేం. నెలకి సగటున డెబ్బై, ఎనభై వేలు లేని ఉద్యోగాల్ని ఉన్నాయనుకున్నారన్నమాట.

ఈ తేడా పుట్టే చోట్లలో ఒకటి చెప్తాను. కొత్తగా తెరిచిన వ్యాపారం సర్వే జాబితాలో ఉండదు. మూతపడింది జవాబు ఇవ్వదు. కాబట్టి పుట్టేవెన్ని, పోయేవెన్ని అని పాత అనుభవాన్ని బట్టి ఒక సూత్రంతో ఊహించి కలుపుతారు. వ్యాపారాలు తెరవడం తగ్గిపోయిన ఏడాది కూడా ఆ సూత్రం కొన్నాళ్ళు పాత ఉత్సాహంతోనే కలుపుతూ పోతుంది.

2025 ఆగస్టు 1 అంకెలు వచ్చిన రోజే అమెరికా అధ్యక్షుడు ట్రంప్, ఈ అంకెలు వేసే కార్మిక గణాంక సంస్థ కమిషనర్ ఎరికా మెకెంటార్ఫర్‌ని తీసేశారు, అంకెలు తారుమారు చేశారన్నారు. నా అభిప్రాయం అడిగితే, బహిరంగంగా దిద్దిన లెక్కని నేను నమ్ముతాను. భయపడాల్సింది దాచిన లెక్కకి. మన దగ్గర 2017-18 కార్మిక సర్వే నివేదిక బయటికి రావడం ఆలస్యమైంది, 2019 జనవరిలో జాతీయ గణాంక కమిషన్ సభ్యులు ఇద్దరు రాజీనామా చేశారు, నివేదిక లీకైంది. చివరికి మే 31న అధికారికంగా విడుదలైతే నిరుద్యోగం 6.1 శాతం, లీకైన అంకే. ఆ నాలుగు నెలల్లో మా మీద జనానికి పోయిన నమ్మకం, ఎన్ని దిద్దుబాట్లు చేసినా అంతగా పోయి ఉండేది కాదు.

ఇక మన లెక్క. ఇది కాస్త వివరంగా చెప్పనివ్వండి, నా ఇలాకా కదా.

పైన చెప్పిన కార్మిక సర్వేనే పీఎల్ఎఫ్ఎస్ అంటారు, నిరుద్యోగ శాతం వచ్చేది దీన్నుంచే. ఇది 2017 ఏప్రిల్‌లో మొదలైంది. అప్పట్లో ఏడాదికోసారి దేశం మొత్తానికి, మూడు నెలలకోసారి పట్టణాలకి మాత్రమే అంకెలు వచ్చేవి. 2025 జనవరి నుంచి పద్ధతి మార్చారు. ఇప్పుడు 22,692 ఊళ్ళు, పట్టణ బ్లాకులు, ఒక్కోదాంట్లో 12 ఇళ్ళు, మొత్తం 2,72,000 పైచిలుకు ఇళ్ళు. పాతదానికి రెండున్నర రెట్లు దాటింది. ఎంచుకున్న ఒక్కో ఇంటికి వరసగా నాలుగు నెలలు వెళ్తారు. మొదటి నెలవారీ బులెటిన్ 2025 మే 15న వచ్చింది, అదే మీరన్న 5.1 శాతం.

అందులో అడిగేది "గత ఏడు రోజుల్లో ఏ ఒక్క రోజైనా, కనీసం ఒక గంటైనా పని చేశారా?" అని. గంట పని చేస్తే ఉద్యోగమా అని అందరూ వెక్కిరిస్తారు. ప్రపంచమంతా వాడే కొలబద్ద అది. చాలీచాలని పనిని అది దాచేస్తుందన్నది నిజమే, దాన్ని నేను సమర్థించను. కానీ ఆ ఒక్క గంటని రాబట్టడం ఎంత కష్టమో చూడండి.

ఒక మే నెలలో పెద జాలారిపేటలో ఒకాయన ఇంటికి వెళ్ళాను. బోటు మీద కలాసీ. ఏటా ఏప్రిల్ 15 నుంచి తూర్పు తీరంలో వేట నిషేధం ఉంటుంది, ఇప్పుడైతే జూన్ 14 దాకా, 61 రోజులు. అరుగు మీద కూర్చున్నాడు. పని ఏమైనా చేశారా అంటే, "పనేటుంది బాబూ, వేట ఆపేసినారు కదా. ఖాళీగానే ఉన్నాం" అన్నాడు. వేరే పని కోసం అడిగారా అంటే, బిల్డింగ్ పనికి అడిగితే రేపు రమ్మన్నారని చెప్పాడు. అంటే పని లేదు, వెతుకుతున్నాడు. మా కోడ్ 81, నిరుద్యోగి. రాసేశాను. మంచినీళ్ళ గ్లాసు అందించినప్పుడు చూశాను, ఆయన వేళ్ళకి నీలం నైలాన్ దారం పోగులు అంటుకుని ఉన్నాయి. పక్కన చెక్క సూది. "వల బాగు చేస్తున్నారా?" అంటే, "మొన్న రెండ్రోజులు, బోటు ఓనరుది" అన్నాడు. డబ్బులిచ్చాడా అంటే, రోజుకింత అని ఇచ్చాడట. ఆయన దృష్టిలో అది పని కాదు. పని అంటే సముద్రం మీదికి వెళ్ళడం. కానీ కూలి తీసుకున్నాడు కాబట్టి 81 కొట్టేసి 51, అంటే రోజు కూలి, అని రాయాలి. గత వారం ఆయన నిరుద్యోగి కాదు. ఇల్లు ఎలా గడుస్తోందో వేరే విషయం.

ఇలాంటివే ఆడవాళ్ళ దగ్గర ఇంకా ఎక్కువ. కంచరపాలెంలో పునుగుల బండి నడిపే ఇంటికి వెళ్తే, "నేనా? నేనేం పని చేస్తానండీ, ఇంట్లోనే ఉంటాను" అంటుంది ఆవిడ. వెనకాల గ్రైండర్ తిరుగుతూ ఉంటుంది! పిండి రుబ్బేది, పచ్చడి చేసేది, సాయంత్రం గిన్నెలన్నీ కడిగేది ఆవిడే. ఆవిడ మాట పట్టుకుంటే 92, ఇంటి పనులు మాత్రమే. సరిగ్గా అడిగితే 21, ఇంటి వ్యాపారంలో జీతం లేని సహాయం. దేశంలో పనిలో ఉన్న లేదా పని వెతుకుతున్న మహిళల శాతం 2017-18లో 23.3 ఉంటే 2023-24కి 41.7 అయింది. ఇందులో నిజంగా పెరిగినది ఉంది, జీతం లేని సహాయకుల వాటా ఉంది, ప్రశ్న అడగడం మెరుగుపడింది కూడా కొంత ఉందని నా నమ్మకం. అంకె పెరిగితే ఏ రకం పని పెరిగిందో చూడకుండా సంబరపడకండి.

మన సర్వేలో దిద్దుబాట్లు ఇలా లోపలే, విడుదలకి ముందే జరుగుతాయి. అమెరికా వాళ్ళ కంపెనీ సర్వేలాగా ఒకే నెలకి మూడు అంకెలు బయటికి రావు. మరి 5.1 నుంచి 5.6 ఎందుకైంది? రబీ కోతలు అయిపోయాయి, ఖరీఫ్ ఇంకా మొదలుకాలేదు, మేలో పల్లెల్లో పని ఉండదు. అటు సముద్రం మీద వేట ఉండదు. ఇలాంటి కాలపు హెచ్చుతగ్గుల్ని తీసేసి చూపించాలంటే చాలా ఏళ్ళ నెలవారీ అంకెలు చేతిలో ఉండాలి. మనది ఈమధ్యే మొదలైంది. అందువల్ల మన నెలవారీ అంకెలో వేసవి వేసవిలాగే, వాన వానలాగే కనిపిస్తుంది. జూలైలో అది 5.2కి, ఆగస్టులో 5.1కి వచ్చేసింది. ఏప్రిల్‌ని మేతో పోల్చకండి. ఒక ఏడాది మేని తర్వాతి ఏడాది మేతో పోల్చండి. ఇంకోటి, నెలవారీ బులెటిన్ దేశం మొత్తానికే. అందులో ఆంధ్రప్రదేశ్ అంకె వెతక్కండి, విశాఖపట్నం అంకె అసలే వెతక్కండి.

మన దేశంలో ప్రతి నెలా బాహాటంగా మారే అంకె ఒకటుంది, పీఎఫ్ సభ్యులది. "ఈ నెల ఇన్ని లక్షల కొత్త ఉద్యోగాలు" అని హెడ్డింగ్ పెట్టేది దాన్ని చూసే. ఇవి తాత్కాలిక అంకెలని, పాత నెలలవి కూడా మారుతుంటాయని వాళ్ళే కింద రాస్తారు. హెడ్డింగ్ పెట్టేవాళ్ళు అంత కిందకి చదవరు.

ఎందుకు మారతాయో మా బావమరిది దగ్గర చూశాను. గాజువాకలో ఆయనది లేబర్ కాంట్రాక్ట్. ఒకసారి ఒక ఫ్యాక్టరీ షట్‌డౌన్ పనికి, అంటే యంత్రాలు ఆపి చేసే మరమ్మతులకి, అరవై మందిని పెట్టాడు. వెల్డర్లు, ఫిట్టర్లు, రిగ్గర్లు, గేట్ పాసులన్నీ హడావుడిగా చేయించి. పని నెల రోజులు. పీఎఫ్ చలానా తర్వాతి నెల 15లోగా కట్టాలి, ఆ నెల అరవై మందీ కొత్త సభ్యులుగానో, తిరిగి చేరినవాళ్ళుగానో లెక్కకెక్కారు. పని అయిపోయింది, మనుషులు వెళ్ళిపోయారు. కానీ వాళ్ళు మానేసిన తేదీ ఆన్‌లైన్‌లో నమోదు చేయాలి కదా? మూడు నెలలు చేయలేదు. అడిగితే, "బిల్లు రానీ బావా, అన్నీ ఒకేసారి చేస్తా" అన్నాడు. ఆ మూడు నెలలూ దేశం లెక్కలో ఆ అరవై మందీ ఉద్యోగస్తులే. తర్వాత తేదీలన్నీ వెనక్కి వేసి ఎక్కించాక ఆ పాత నెలల అంకె తగ్గింది. ఇలాంటి బావమరుదులు దేశంలో ఎంతమంది ఉంటారో మీరే ఊహించుకోండి.

పైగా పీఎఫ్ చట్టం తప్పనిసరిగా వర్తించేది 20 మంది, అంతకన్నా ఎక్కువ ఉన్న సంస్థలకి. 19 మంది ఉన్న బేకరీ ఇరవయ్యో మనిషిని పెట్టుకుంటే, అర్హత ఉన్న మిగతావాళ్ళు కూడా ఒకేసారి కొత్తగా లెక్కకెక్కుతారు. పుట్టిన ఉద్యోగం మాత్రం ఒకటి. ఇది మంచి విషయమే, పాతవాళ్ళకి కూడా పీఎఫ్ వచ్చింది. కొత్త ఉద్యోగాలు అనడం మాత్రం తప్పు.

జనాభా సంగతి ఒక్క ముక్క: సర్వే శాతాన్ని కోట్ల మందిగా మార్చి చెప్పే అంకెలన్నీ 2011 జనగణన మీద వేసిన అంచనాల జనాభాతో చేసినవి. 2027 మార్చి 1 నాటి జనాభాతో కొత్త లెక్క వచ్చాక ఆ కోట్లన్నీ మారతాయి. శాతాల్ని నమ్మండి, కోట్లని కాస్త అనుమానించండి.

ఇప్పుడు మీ ఫ్లాట్ దగ్గరికి వద్దాం.

మీ జీతం అమెరికా క్లయింట్ బడ్జెట్ నుంచి వస్తుంది కాబట్టి వాళ్ళ అంకెలు మీకు అవసరమే. కానీ అవి మీ దాకా తిన్నగా రావు. అక్కడ ఉద్యోగాలు తగ్గుతున్నాయని తేలితే వాళ్ళ రిజర్వ్ బ్యాంకు వడ్డీ తగ్గిస్తుంది. 2025 సెప్టెంబర్ 17న పావు శాతం తగ్గించింది, ఉద్యోగాల మార్కెట్ బలహీనపడటం దానికి ఒక ముఖ్య కారణం. వడ్డీ తగ్గడం షేర్లకి సంతోషం, క్లయింట్‌కి మాత్రం ఆ తగ్గడానికి వెనకున్న కారణం దిగులు. మార్కెట్ ఎక్కింది కదా అని మీ ప్రాజెక్ట్ రెన్యూవల్ ఖాయం అనుకోవడానికి లేదు.

నేనైతే మొదటి అంకెని పక్కన పెట్టి మూడు నెలల సగటు చూస్తాను. దాని పక్కనే, గత రెండు నెలల్ని ఎటు దిద్దారో రాసుకుంటాను, ఒక చిన్న నోటుబుక్కులో, పైకి బాణం, కిందికి బాణం. కిందికి బాణాలు వరసగా పడుతూ, వారం వారం వచ్చే నిరుద్యోగ భృతి దరఖాస్తులు కూడా పెరుగుతుంటే అప్పుడు నిజంగా గాలి మారిందనుకుంటాను. ఆ దరఖాస్తులు సర్వే కాదు, ఆఫీసుల్లో ఇచ్చిన కాగితాల లెక్క, అందుకే పెద్దగా మారవు. టెంపరరీ సిబ్బంది, పని గంటలు కూడా చూడండి. ఏ యజమానైనా ముందు ఓవర్‌టైమ్ కోస్తాడు, తర్వాత కాంట్రాక్టు వాళ్ళని పంపుతాడు, పర్మినెంట్ వాళ్ళ జోలికి చివర్లో వస్తాడు. ఇది గాజువాకలోనూ అంతే, అమెరికాలోనూ అంతే.

సూత్రాలు కూడా తప్పుతాయి. నిరుద్యోగం మూడు నెలల సగటు, గత ఏడాదిలోని కనిష్ఠం కన్నా అర శాతం పెరిగితే మాంద్యం మొదలైనట్టే అని ఒక ప్రసిద్ధ సూత్రం ఉంది. 2024 జూలై అంకెలతో అది మోగింది. తర్వాతి సోమవారం, ఆగస్టు 5న, జపాన్ మార్కెట్ ఒక్కరోజులో 12 శాతం పడింది, మన సెన్సెక్స్ 2,222 పాయింట్లు పడింది. దానికి జపాన్ వడ్డీ గొడవ కూడా ఒక కారణం అనుకోండి. అమెరికాలో ఆ ఏడాది మాంద్యం మాత్రం రాలేదు.

అందుకే ఫ్లాట్ నిర్ణయానికి మీ ఆఫీసు సంగతులే ముందు, దేశాల లెక్కలు తర్వాత. మీ టీమ్‌లో ప్రాజెక్టు లేకుండా బెంచ్ మీద ఎంతమంది ఉన్నారు, మానేసినవాళ్ళ స్థానంలో కొత్తవాళ్ళని పెడుతున్నారా, క్లయింట్ కాంట్రాక్ట్ ఎప్పుడు ముగుస్తుంది, ఇవి మీకు వారం ముందే తెలుస్తాయి, సర్వేకి నెలల తర్వాత తెలుస్తాయి. ఆరు నెలల ఈఎంఐ విడిగా బ్యాంకులో ఉంటే అడ్వాన్సు ఇవ్వండి. లేకపోతే అది కూడబెట్టేదాకా ఆగండి, మధురవాడలో ఫ్లాట్లకి కరువేం లేదు.

చివరిది, మీ ఇంటికి ఎవరూ రాలేదన్న మాట. దేశంలో ఉన్న కోట్ల ఇళ్ళలో 2,72,000 ఎంచుకుంటే మీ వంతు రాకపోవడమే మామూలు. నేను ముప్పై ఏళ్ళు ఇతరుల ఇళ్ళకి వెళ్ళాను, మా ఇంటికి ఇప్పటిదాకా ఎవరూ రాలేదు. ఎప్పుడైనా ట్యాబ్, ఐడీ కార్డు పట్టుకుని ఎవరైనా మీ గేటు ముందు నిలబడితే, కార్డు చూసి లోపలికి పిలవండి. మీ నాన్నగారికి కిరాణా దుకాణం ఉందని రాశారు కదా, మధ్యాహ్నం ఆయన భోజనానికి వస్తే గల్లా దగ్గర ఎవరు కూర్చుంటారు? మీ అమ్మగారే అయితే, "ఆవిడ ఇంట్లోనే ఉంటుందండీ" అని మీరు జవాబు చెప్పేయకుండా ఆవిణ్నే చెప్పనివ్వండి.